ముక్కుపుడక తీయమన్న రోజు

“పాలు అడుగంటి ఇల్లంతా కమురు కొడతాంటే తెలీల్యా? ముక్కు యాడ పెట్టుకున్యావే?” అంది మా అత్త వనజమ్మ.

ముక్కు ఉన్నచోటే ఉంది. ఎడమ పక్క రెండేళ్లుగా పూడుకుపోయింది, కుడి పక్కా సగం మూసుకుపోయింది, అంతే. వాసన తెలియని దాన్ని, ప్రొద్దుటూరులో ఇంటిల్లిపాదికీ మూడు పూటలా వండిపెట్టాలి. కూర దించగానే గిన్నె గోడమీద పెట్టి పక్కింటి ఖమ్రున్నీసాను పిలిచేదాన్ని. ఆమె వాసన చూసి, “మాడలేదులే అక్కా, పెట్టు” అంటేనే నా గుండె కుదుటపడేది. పాలు మాత్రం ఎవరినీ పిలవనివ్వవు కదా. తలగడమీద నెత్తుటి మరకలు చూసి అత్త వేడి చేసిందంది, మాడుకు ఆముదం అంటింది.

ముక్కులోంచి నెత్తురు ఎంతకీ ఆగకపోతే అప్పుడు నా మొగుడు ఆదినారాయణ కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. డాక్టరు నుదుటికి అద్దం కట్టుకుని లోపలికి చూశాడు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చాక, పక్కనే ఉన్న నన్ను వదిలేసి ఆయనతో చెప్పాడు.

“ఇది అరుదుగా వచ్చే కంతి. క్యాన్సర్ కాదు, ఇప్పటికి ప్రాణభయం లేదు. కానీ వదిలేస్తే కంటిదాకా పాకుతుంది. ముక్కు పక్కన కోసి మొదలంటా తీసేయాలి. ముక్కుపుడక తీయించండి, రేపే చేస్తాం.”

ఆయనకు ప్రాణభయం లేదన్న మాట ఒక్కటే వినబడింది.

“సంపే జబ్బు కాదంట గదా, పోదాం పా. కోతలకు కూలోళ్లొస్తాండారు, వాళ్లకెవరు వండేది? మొగాన గాటు పడితే నలుగురూ ఏమంటారు? పుడక గూడా తీయాలంట! నేను బతికుండంగా నువ్వు బోడిముక్కుతో వస్తే మాయమ్మ గడప తొక్కనిస్తాదా?”

బస్సు ఎప్పుడో కనుక్కొస్తానని వెళ్లాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చే జబ్బయితేనే వైద్యమా, లేకపోతే పొయ్యి దగ్గరికేనా? కత్తంటే భయమే. ఇదే ముక్కుతో మళ్లీ ఆ వంటింట్లోకి పోవడమంటే అంతకంటే భయం వేసింది.

నర్సు ప్రమీలమ్మ వచ్చింది. “ఉంటాండావా, పోతాండావామ్మా? ఉంటే పుడక తీయాల.”

“నా మాట సాలునా?”

“కంతి ఎవరి ముక్కులో ఉంది?”

పెళ్లిలో బిగించిన మర అది, ఎంతకీ కదల్లేదు. ప్రమీలమ్మ సబ్బునీళ్లు పోసి తిప్పుతుంటే నా కళ్లలో నీళ్లు, ముక్కులోంచి నెత్తురు.

“ఆపేదా?”

“తిప్పక్కా.”

ఆయన వచ్చేసరికి పుడక నా అరచేతిలో ఉంది. ఆయన మొహం పాలిపోయింది.

“ఎంత పని సేసినావే!”

పుడకను ఆయన చేతిలో పెట్టి వేళ్లు మూశాను.

“మీయమ్మకు కావాల్సింది ఇదే గదా, తీసకపో. ముక్కు నాది. బాగు చేయించుకొనొస్తా.”