సుంకన్న మేస్త్రీ పెట్టిన గుమ్మాలు

సుంకన్న మేస్త్రీ ఐదడుగుల రెండంగుళాల మనిషి. కొడుకు కదిరప్ప ఏడడుగుల మూడంగుళాలు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో యలహంకలో ఎవరికీ అర్థం కాలేదు, సుంకన్నకి అసలే అర్థం కాలేదు. తన మేనమామ ఒకాయన గుర్రమెక్కితే కాళ్లు నేలకి తగిలేవని భార్య సుంకమ్మ చెబుతుంది. ఆ మేనమామని గానీ, ఆ గుర్రాన్ని గానీ చూసినవాళ్లు ఎవరూ లేరు.

కదిరప్ప బాస్కెట్‌బాల్ ఆడతాడు. సాయంత్రం పూట సరదాకి ఆడేది కాదు, అదే అతని ఉద్యోగం. బెంగళూరు క్లబ్బొకటి జీతమిచ్చి ఆడిస్తోంది. దేశం తరఫున కూడా ఆడి వచ్చాడు. దీనంతటికీ మూలం ఇటుకలు. పదో తరగతి సెలవుల్లో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో తండ్రి కడుతున్న అపార్ట్‌మెంటుకి అన్నం క్యారియర్ తీసుకెళ్లి, ఊరికే ఎందుకు నిలబడాలని కింద నుంచి ఇటుకలు పైకి విసిరాడు. మిగతావాళ్లు మొదటి అంతస్తుకి విసురుతుంటే ఇతను రెండో అంతస్తుకి విసిరాడు. ఒక్క ఇటుకా గురి తప్పలేదు. ఎదురుగా టీ తాగుతున్న స్టాన్లీ అనే కోచ్ గ్లాసు చేత్తో పట్టుకునే రోడ్డు దాటి వచ్చాడు. టీకొట్టు వాడు గ్లాసు కోసం వెనకే పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు మొదలైన ఆట పదహారేళ్లు సాగింది.

ఆటలో పొడవు వరమే. ఆట బయటే కష్టం. పక్కింటి భాగీరథమ్మ, ట్యూబ్‌లైట్లు మార్చడానికి కదిరప్ప ఉన్నాడన్న ధీమాతో ఇంట్లో ఉన్న స్టూలు పాతసామానువాడికి వేసేసింది. వీధిలో ఎవరి చెట్టున కొబ్బరికాయ ముదిరినా అందరూ కదిరప్ప వైపే చూస్తారు, అతనేదో కొబ్బరిచెట్టంత ఉన్నట్టు. ఇవన్నీ నవ్వుకుని ఊరుకోవచ్చు. గుమ్మాలతోనే వచ్చింది చిక్కు. ఇల్లయినా, బడయినా, బ్యాంకయినా, తల వంచకుండా దాటిన గుమ్మం అతనికి గుర్తులేదు. కొడుకుతో తిరిగి తిరిగి సుంకన్నకీ ఆ రోగమే పట్టుకుంది. కొడుకు ఎక్కడ వంగితే అక్కడ తనూ వంగుతాడు. బస్సెక్కేటప్పుడు తల పైన రెండడుగుల ఖాళీ ఉన్నా, మెడ ముడుచుకుని మరీ ఎక్కుతాడు. "నీ తల యాడ తగుల్తాదని వంగుతావయ్యా?" అని సుంకమ్మ అడుగుతూనే ఉంటుంది.

ఆ ఏడు డాక్టరు కదిరప్ప మోకాళ్లు చూసి, ఈ సీజన్‌తో ఆట చాలించమన్నాడు. ఇక కొడుకు హోటళ్లలో కాకుండా ఇంట్లో ఉంటాడు. యలహంకలోనే, భాగీరథమ్మ ఇంటికి అవతలి పక్కన, వాళ్లకి అప్పటికే చిన్న జాగా ఉంది. సుంకన్న అందులో ముగ్గు పోయించిన రోజు నలుగురి ముందూ ఒక మాట అన్నాడు.

"నా ఇంట్లో నా కొడుకు తల వంచకూడదప్పా. అంతే."

అన్నట్టుగానే సింహద్వారం తొమ్మిదడుగులు పెట్టాడు. వడ్రంగి రెండుసార్లు కొలత అడిగి, మూడోసారి సుంకన్న ఆరోగ్యం అడిగాడు. భాగీరథమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏనప్పా సుంకన్నా, ఇంట్లో ఏనుగు గాని కట్టేస్తావా?" అంది. సుంకన్న ఏమీ పట్టించుకోలేదు. పొద్దునా సాయంత్రం వచ్చి ఆ ద్వారం కింద నిలబడి పైకి చూసుకుని వెళ్లేవాడు. సీజన్ నడుస్తుండటంతో ఊళ్ల మీద తిరుగుతున్న కదిరప్పకి ఇల్లు చూడటానికే తీరిక దొరకలేదు.

గృహప్రవేశం ఫైనల్ మ్యాచ్‌కి ముందురోజు పడింది. ఆవు లోపలికి వెళ్లింది, వెనక సుంకన్న, సుంకమ్మ వెళ్లారు. ఆ తర్వాత తమ సొంతూరు కదిరి నుంచి తెచ్చిన నరసింహస్వామి పటం పట్టుకుని కదిరప్ప వచ్చాడు. బంధువులు, టీమువాళ్లు, వీధి వీధంతా ఫోన్లు పైకెత్తారు. కదిరప్ప తొమ్మిదడుగుల గుమ్మం ముందుకొచ్చి, కుడికాలు ఎత్తి, చక్కగా తల వంచి లోపలికి వచ్చాడు.

ముందే లోపలికి వెళ్లి చూస్తున్న సుంకన్న అడ్డం వచ్చాడు.

"యాల వంగినావురా?"

"అలవాటు నాయనా."

"తొమ్మిదడుగులు ఉండాది! నీ తల మీద ఇంకో తల పెట్టినా తగల్దు. బయటికి పో. మల్లా రా."

పద్మనాభం పంతులు మంత్రం ఆపాడు. "కుడికాలు పెట్టి లోపలికి వచ్చినవాడిని బయటికి పంపకూడదు సుంకన్నా."

"పంపలేదు సామీ. మల్లా పిలుస్తాండా."

దీనికి శాస్త్రంలో జవాబు కోసం పంతులు పంచాంగం తిరగేశాడు. కదిరప్ప బయటికి వెళ్లాడు. వెళ్లేటప్పుడు కూడా వంగే వెళ్లాడు. జనం ఒక్కసారిగా నవ్వారు. స్టాన్లీ గుంపులోంచి అరిచాడు: "కదిర్, ఫ్రీ త్రో అనుకో! డీప్ బ్రీత్ తీసుకో, తల పైకి, ఎవర్నీ చూడొద్దు!"

"నన్ను నమ్మి రారా అప్పా," అన్నాడు సుంకన్న. "పెట్టింది నేను."

కదిరప్ప కళ్లు మూసుకున్నాడు. మెడ బిగించి, కొలబద్దలా నిటారుగా నడిచి లోపలికి వచ్చేశాడు. ఏమీ తగల్లేదు. కళ్లు తెరిచి పైకి చూస్తే ఇంకా చాలా చోటు మిగిలి ఉంది. ముప్పై ఒక్కేళ్ల మనిషి చిన్నపిల్లాడిలా నవ్వాడు. జనం చప్పట్లు కొట్టారు. సుంకన్నకి ఏడుపొచ్చింది, కండువాలో ముఖం దాచుకున్నాడు.

అంతలో వంటింట్లోంచి సుంకమ్మ కేకేసింది. "పాలు పొంగుతాండాయి, బిరీన రాండి!"

కదిరప్ప అదే ఊపులో, అదే ఎత్తిన తలతో వంటింటి వైపు వెళ్లాడు. టప్పుమని చప్పుడైంది. లోపల కొబ్బరికాయ కొట్టారనుకుని బయట ఉన్నవాళ్లు దండం పెట్టుకున్నారు.

స్టాన్లీ ఒక్కడికే అనుమానమొచ్చి ఐస్ సంచీ పట్టుకుని పరిగెత్తాడు. కదిరప్ప నుదురు పట్టుకుని కూలబడ్డాడు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. సుంకన్న జేబులోంచి టేపు తీసి, బిందె బోర్లించి దాని మీద ఎక్కి వంటింటి గుమ్మం కొలిచాడు. ఏడడుగులు. పడకగది కొలిచాడు. ఏడడుగులు. స్నానాలగది కూడా ఏడడుగులే.

ముప్పై ఏళ్లుగా సుంకన్న పెట్టిన ప్రతి గుమ్మమూ ఏడడుగులే. సింహద్వారం ఒక్కటీ బుర్రతో పెట్టాడు, మిగిలినవన్నీ చేతులు వాటంతటవే పెట్టేశాయి. ఆ గుమ్మాల కింద నెలల తరబడి తిరిగాడు గానీ, తన తలకి పైన అంత ఖాళీ ఉన్నవాడికి తేడా ఏం తెలుస్తుంది? కూలీలు మేస్త్రీ గీత గీసినచోట పెట్టారు. అడగడం వాళ్ల పని కాదు.

కదిరప్పని పీట మీద కూర్చోబెట్టారు. అప్పుడు కొడుకు నడినెత్తి సుంకన్న కళ్లకి అందింది. ఎప్పుడో బడికి పంపేటప్పుడు నూనె రాసి దువ్విన నెత్తి అది. ఆ తర్వాత చూసే వీల్లేకపోయింది. ఇప్పుడు చూస్తే జుట్టు మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి గీతలు, వెంట్రుకలు మొలవని మచ్చలు.

"ఇదేందిరా?"

"రైల్లో పై బెర్తు. ఢిల్లీ క్యాంపుకి పోయేటప్పుడు."

"ఇది?"

"టీమ్ బస్సు. అందరికంటే ముందు ఎక్కాలని తొందరపడితి."

"మరి ఈ పెద్దది?"

కదిరప్ప ఐస్‌ని ఆ మచ్చ మీదికి జరుపుకున్నాడు. సుంకన్న మళ్లీ అడిగాడు.

"ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు నాయనా. మెడల్ వచ్చిందని సన్మానానికి పిలిచినారు గదా. దండ వేసేలోగానే కొట్టుకునింది."

సుంకన్న చేయి ఆగిపోయింది. "ఆ ఆఫీసు గుమ్మాలు నేను పెట్టిన్యే."

"తెలుసు. అందుకే చెప్పలే."

"దీని పక్కది?"

"హెచ్‌ఎస్‌ఆర్ అపార్ట్‌మెంట్. అదీ నీదే," అన్నాడు కదిరప్ప. అని నవ్వాడు. "బాగా గట్టిగా కడతావు నాయనా నువ్వు. ఒక్కటి గూడా పెచ్చు ఊడలే."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. సుంకన్న నవ్వలేదు. తన చేత్తోనే కొడుకు నెత్తిన మొట్టినంత బాధగా ఉందతనికి. విసురుగా లేచి పోయి సుత్తి తెచ్చాడు. పద్మనాభం పంతులు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"హోమం ఇంకా చల్లారలేదయ్యా! చేరిన రోజే ఇల్లు పగలగొట్టుకుంటారా ఎవరైనా?"

సుంకన్న సుత్తి దించాడు. కొత్తగా పెట్టిన పట్టుపంచె విప్పేసి, పాత లుంగీ చుట్టుకుని, ఆ పంచెని మడతలు పెట్టి వంటింటి గుమ్మం పైకమ్మీకి దిట్టంగా చుట్టి కట్టాడు. భాగీరథమ్మ అది చూసి, మీ కదిరి పక్క ఆచారమా అని అడిగింది. సుంకన్న కోపంలో అవునన్నాడు. తర్వాతి నెలలో ఆమె కూతురి గృహప్రవేశంలో వంటింటి గుమ్మానికి పట్టుచీర కట్టి ఉంది.

మర్నాడు కదిరప్ప నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో ఫైనల్ ఆడాడు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. బొప్పికీ దానికీ సంబంధం లేదని స్టాన్లీ సుంకన్నకి పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్పాడు. అదే కదిరప్ప చివరి మ్యాచ్. స్టేడియం అంతా లేచి నిలబడిందట. సుంకన్న మాత్రం వెళ్లలేదు, అప్పటికే వంటింటి గోడ కొడుతున్నాడు. మోకాళ్ల వైద్యానికని క్లబ్బువాళ్లు కదిరప్పని ఆసుపత్రిలో చేర్చారు. అతను అక్కడున్నన్నాళ్లూ సుంకన్న కొత్తింట్లో దుమ్ములోనే ఉన్నాడు. ఒక్కో గుమ్మం పైన గోడ కొట్టి, దన్నులు పెట్టి, ఎత్తు తొమ్మిదడుగులకి పెంచి, కాంక్రీటుతో కొత్త లింటల్ దూలం పోశాడు. ఈసారి గీత గీసిన ప్రతిచోటా సుంకమ్మని పిలిచి టేపు చదివించాడు. తన చేతుల మీద అతనికి నమ్మకం పోయింది.

కదిరప్ప ఊతకర్రతో ఇంటికొచ్చిన పొద్దున వంటింట్లో పాలు కాగుతున్నాయి. సుంకన్న వెనకే నడిచాడు. కదిరప్ప సింహద్వారం దగ్గర క్షణం ఆగాడు. ఊపిరి పీల్చుకుని తలెత్తుకుని దాటాడు. హాలు దాటాడు. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, చేయి పైకి చాపి లింటల్ తడిమి చూశాడు. తర్వాత తల వంచకుండా తిన్నగా లోపలికి వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాడు.

అతని వెనక సుంకన్న ఆ తొమ్మిదడుగుల వంటింటి గుమ్మం కింద మెడ ముడుచుకుని, వంగి, లోపలికొచ్చాడు.

సుంకమ్మకి నవ్వాగలేదు. చేతిలో గరిటె పెట్టేసి కడుపు పట్టుకుంది. "నీకేం రోగమయ్యా! వాడే వంగకుండా వచ్చినాడు గదా!"

సుంకన్న వెనక్కి తిరిగి గుమ్మాన్ని చూశాడు, కొడుకుని చూశాడు. తనూ నవ్వాడు. బయటికి వెళ్లి మళ్లీ వచ్చాడు. మళ్లీ వంగే వచ్చాడు.

"నన్ను నమ్మి రా నాయనా," అన్నాడు కదిరప్ప, తండ్రికి చేయి అందిస్తూ.