దోన్యా కసిమిరా బరువు

నాకు ముక్కు మీద కోపమని గ్వాయ్‌మాస్ ఊరంతా అంటుంది. నిజం కాదు. ముప్పై రెండేళ్లు పళ్ల డాక్టరుగా పనిచేశాను. నా ముందు కూర్చున్నవాళ్లంతా నోరు తెరుచుకుని ఉన్నవాళ్లే గాని ఎదురు చెప్పినవాళ్లు లేరు. అందుకని ఎదురుమాట వినడం అలవాటు కాలేదు, అంతే. ఆ పళ్ల సంపాదనతో ఒక పాత నాలుగు సీట్ల విమానం కొనుక్కున్నాను. ఆదివారాలు సముద్రం దాటి అవతలి ఒడ్డు పల్లెలకు ఎగురుతుంటాను. గంటా పది నిమిషాల ప్రయాణం.

ఆ పల్లెల్లో నాకు ప్రాణం పుంతా చోయా. నలభై ఇళ్లు, ఒక మట్టి రన్‌వే. రన్‌వే పొడవు ఐదువందల మీటర్లు, ఆ తరవాతి మీటరు సముద్రం. దిగేముందు జాలరి లిబ్రాదో ఇంటి కప్పు మీదుగా ఒక చుట్టు తిరగాలి. ఆ చప్పుడు విని వాడు ట్రక్కేసుకొచ్చి రన్‌వే మీద గాడిదల్ని తోలుతాడు. రెండు చుట్లు తిరిగితే భోజనానికి కూడా ఉంటానని లెక్క, వాడి పెళ్లాం తోర్తియా రొట్టెలకు పిండి కలపడం మొదలెడుతుంది. ఆ మంగళవారం నేను ఒకే చుట్టు తిరిగాను. భోజనానికి టైము లేదు.

దోన్యా కసిమిరా కోసం వచ్చాను. ఆమె కూతురు నెరేయిదాను గ్వాయ్‌మాస్‌లో ఇచ్చారు. జ్ఞానస్నానం నాడు ఆ పిల్లను చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రిని నేనే, కాబట్టి కసిమిరా నాకు వదిన, నేను ఆమెకు అన్నయ్య. నెరేయిదాకు ఇది మూడో కాన్పు. మొదటిబిడ్డ కిలో రెండువందల గ్రాములతో పుట్టింది, రెండోది కిలో నాలుగువందలు. ఇద్దరూ వారం దాటలేదు. ఆ తెల్లవారుజామున ఆస్పత్రిలో నొప్పులు మొదలైతే, అమ్మ పక్కన లేకుండా కననంటే కననని మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. తుపానుకు రోడ్డు మూడుచోట్ల కొట్టుకుపోయింది. కెరటాలకు పడవలు కదలడం లేదు. ఇక మిగిలింది నా విమానమే.

కసిమిరా రన్‌వే పక్కనే సిద్ధంగా ఉంది. ఆ ఊళ్లో సగంమందికి పురుడు పోసిన మంత్రసాని ఆమె. అందుకే ఊళ్లో ఆమె మాటకు అడ్డుచెప్పే మగాడు లేడు. ఆమె వెనక ఒక బొంత, ఒక మట్టికుండ, మేకపాల జున్ను, ఖర్జూరాల పెట్టె, ఐదు మొక్కజొన్నపిండి ప్యాకెట్లు ఉన్నాయి. చంకలో ప్రాణంతో ఉన్న నల్లకోడిపెట్ట.

"వదినా, ఏంటిదంతా?"

"ఏముందన్నయ్యా, బాలింత ఇంటికి వట్టిచేతుల్తో పోతానా? నలభై రోజులు పథ్యం పెట్టొద్దూ?"

"సరే. నీ బరువెంత?"

చుట్టూ ఉన్న జాలరులంతా ఒక్కసారిగా ఆకాశంలోకి చూశారు. లిబ్రాదో ట్రక్కు టైరు పరీక్షించడం మొదలెట్టాడు.

"అరవై ఐదు," అంది కసిమిరా.

"ఏ సంవత్సరంలో?"

"ఇదిగో, ఆడదాని బరువడిగే మగాణ్ణి నిన్నే చూశాను. పళ్లు పీకేవాడివి, పళ్ల సంగతి చూసుకో."

"వదినా, ఇది బస్సు కాదు. లెక్క తప్పితే నేరుగా సముద్రంలోకి పోతాం."

దగ్గరే ఉన్న దోన్ ప్లుతార్కో ముందుకొచ్చాడు. ఊళ్లో పడ్డ చేపంతా కొని పట్నానికి పంపే షావుకారు. రన్‌వే చివర అతని షెడ్డు, షెడ్డు దూలానికి గుండ్రటి ముఖమున్న పెద్ద స్ప్రింగు కాటా. "మీరు తగువులాడుకోవడం దేనికి డాక్టరుగారూ? నా కాటా ఉందిగా. గుడిలో ప్రమాణం చేసినట్టే చెప్తుంది," అన్నాడు.

కొక్కేనికి చేపలవల జోలెలా కట్టి ఆమెను కూర్చోబెట్టారు. దూలం మూలిగింది. ముల్లు ఊగి ఊగి ఎనభై దగ్గర ఆగింది. కసిమిరా ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. మొహం మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా వెలిగింది. సిగ్గుపడుతోందనుకున్నాను.

"గౌను, శాలువా, తాళాలగుత్తి. వాటిదే పదిహేను కిలోలుంటుంది," అంది చివరికి, దిగుతూ.

ఆమె ఎనభై కిలోల మనిషి కాదని నా కళ్లు చెబుతూనే ఉన్నాయి. కాని విమానం నేర్పేటప్పుడు మాకు మొదట చెప్పే పాఠం ఒకటుంది. మబ్బులో పడితే నీ ఒంటిని నమ్మకు, ఎదురుగా ఉన్న మీటరు ముల్లును నమ్ము. ఒళ్లు అబద్ధం చెబుతుంది, ముల్లు చెప్పదు. ఇరవై ఏళ్లుగా ఆ పాఠం పాటించి నా కళ్లకు నోరు లేకుండా చేసుకున్నాను. పుస్తకం తీసి ఎనభై అని రాసుకున్నాను.

సామాను తూస్తే యాభై వచ్చింది. ఈలోగా జాలరులు ఎప్పట్లాగే నా కోసం ఐసుపెట్టెలో చేపలు నింపి తెచ్చారు. వద్దంటే ఆ ఊళ్లో ఏడాదిపాటు ఎవరూ పలకరించరు. అవీ ప్రతిసారీలాగే ఆ కాటా మీదే తూచాం, అరవై. నన్ను తూచుకోనక్కర్లేదు, లైసెన్సు కోసం వారం కిందటే చేయించుకున్న వైద్యపరీక్ష కాగితం జేబులో ఉంది. ఎనభై ఐదు. మొత్తం రెండువందల డెబ్బై ఐదు. ఆ పొద్దుటి చల్లదనానికి ఆ రన్‌వే మీద రెండువందల ఎనభై దాకా మోయగలదు నా విమానం. బేషుగ్గా ఉంది.

ఇంజను పూర్తిగా లేపి వదిలాను. సగం రన్‌వే దాటింది. మామూలుగా అక్కడికి చేతిలో కడ్డీ తేలికపడి ముక్కు పైకి లేవాలి. లేవలేదు. మూడొందల మీటర్లు, మూడొందల యాభై. ఎదురుగా నీలంగా సముద్రం పెద్దదవుతోంది. ఇంజను ఆపి బ్రేకుల మీద నిలబడ్డాను. బండి పక్కకు జారి, నాగజెముడు పొదలోకి దూరి, అంచుకు ఇరవై అడుగుల ఇవతల ఆగింది.

కోడి ఒక్కటే మాట్లాడింది. తరవాత కసిమిరా కళ్లు తెరిచి, "వచ్చేశామా?" అంది.

నేను దిగి ఇంజనును తిట్టాను. గాలిని తిట్టాను. మెకానిక్కును తిట్టాను, వాడు సముద్రానికి అవతల ఉన్నా సరే. మూడేళ్లుగా ఇదే వరస. ఎక్కణ్ణుంచైనా చక్కగా లేచే విమానం ఈ ఊరి నుంచి బయల్దేరినప్పుడే బద్ధకిస్తుంది. రెండుసార్లు ఇంజను విప్పించాను. పంకా మార్పించాను. ఆ మెకానిక్కును వాడి అత్తగారి ముందే దొంగా అన్నాను.

ఈ ఊరి నుంచే ఎందుకు? వేరే ఊళ్లో లేనిది ఇక్కడ ఏముంది? రెక్కలకు గుచ్చుకున్న ముళ్లు ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపాను. నేరుగా షెడ్డుకు నడిచి ఆ జోలెలో నేనే కూర్చున్నాను.

ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఆగింది.

జేబులో కాగితం తీసి లిబ్రాదోకు ఇచ్చాను. వాడు పైకి చదివాడు. "ఎనభై ఐదు."

ప్లుతార్కో గొంతు సవరించుకున్నాడు. "ప్రయాణ బడలిక డాక్టరుగారూ. మనిషి చిక్కిపోతాడు."

"వారంలో పదిహేడు కిలోలా?"

"సముద్రపు గాలి మరి! లేకపోతే ఆ వైద్యుడి కాటాయే తప్పేమో. పట్నంవాళ్లని నమ్మకూడదు."

జాలరులు ఇద్దరు ముగ్గురు తలాడించబోయారు కూడా. అప్పుడు "జరగండ్రా," అంటూ కసిమిరా వచ్చింది, సంచి ఈడ్చుకుంటూ. అందులోంచి ఐదు పిండి ప్యాకెట్లూ తీసింది. సీలు విప్పనివి, ఒక్కోదాని మీద ఒక కిలో అని అచ్చు. ఐదింటినీ జోలెలో వేసింది.

ముల్లు నాలుగు దగ్గర ఆగింది.

లిబ్రాదో వేళ్లు మడిచి చూసుకుంటున్నాడు. "ఐదో చేప," అన్నాడు మెల్లగా. "పదకొండేళ్ల నుంచి ప్రతి ఐదో చేపా..."

"స్ప్రింగు పాతబడింది నాయనా, నాకేం తెలుసు..." అంటూ ప్లుతార్కో వెనక్కి జరిగాడు. వెనక కూడా జాలరులే ఉన్నారు.

లిబ్రాదో కసిమిరా వైపు తిరిగాడు. "అత్తా, నీకెలా తెలిసింది?"

ఆమె శాలువా అంచు నలుపుతూ నిలబడింది. "ఏప్రిల్లో ఆరోగ్యకేంద్రం నర్సు తూచింది నన్ను."

"తూచితే?"

"తూచింది."

"మరి పొద్దున ముల్లు ఎనభై చూపిస్తే తప్పని చెప్పొచ్చు గదా అత్తా! ఊరంతటికీ అప్పుడే తెలిసేది గదా!"

"ఎనభై అందిరా!" అని ఒక్క అరుపు అరిచింది కసిమిరా. "ఇరవై ఏళ్లయింది నాతో ఎవరన్నా ఎనభై అని. రెండు నిమిషాలు ఆ ముచ్చట తీర్చుకుని చెబుదామనుకున్నాను. ఈలోపు ఈ మహానుభావుడు ఇంజను మొదలెట్టేశాడు. ఆ చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది?"

నాకు నిజంగా కోపం వచ్చింది. ఊళ్లోవాళ్లు చెప్పుకునే కోపం కాదు, అసలైనది. నోరు తెరిచాను. అప్పుడు ఆమె కళ్లు చూశాను.

"నా పిల్ల అక్కడ మంచం పట్టె పట్టుకుని నా కోసం చూస్తోంది," అంది. "నేను నా సోకు చూసుకున్నాను అన్నయ్యా."

నోరు మూసేశాను. ఆమె రెండు నిమిషాలు అబద్ధాన్ని ముద్దు చేసింది, నేను కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని కాదని అదే అబద్ధాన్ని పుస్తకంలో రాసుకున్నాను. ఆమెను తిట్టే అర్హత నాకెక్కడిది?

అప్పటికే ఎండ నడినెత్తికొచ్చింది. వేడికి గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు చిక్కదు. మళ్లీ లెక్కవేశాను. ఇప్పుడు రెండువందల కిలోలు దాటితే లేవదు. సాయంత్రం చల్లబడేదాకా ఆగితే నెరేయిదా ఆగుతుందో లేదో తెలియదు.

"వదినా," అన్నాను. "ఇంకొక్కసారి అడుగుతున్నాను. నీ బరువెంత?"

ఊరంతా అక్కడే ఉంది. ఆమె పురుడు పోసిన మగాళ్లు, వాళ్ల పెళ్లాలు, వాళ్ల పిల్లలు. కసిమిరా శాలువా సర్దుకుని నిటారుగా నిలబడింది.

"నూరు కిలోలు. రాసుకో."

ఎవరూ నవ్వలేదు. లిబ్రాదో టోపీ తీశాడు.

ఆమె నూరు, నేను ఎనభై ఐదు. మిగిలింది పదిహేను. చేపల పెట్టె దింపేశాను. పనిముట్ల పెట్టె దింపేశాను. బూట్లు కూడా విప్పేశాను. బొంత దిగింది, కుండ దిగింది, జున్నూ ఖర్జూరాలూ దిగాయి. ఒక పిండి ప్యాకెట్టు మాత్రం ఆమె చంకలో పెట్టుకుంది.

"కోడి?"

"కోడి రాకపోతే నేనూ రాను."

"దాని బరువెంత?"

"రెండు."

"వదినా!"

"రెండున్నర."

పదిమంది కలిసి విమానాన్ని పొదలోంచి లాగి, రన్‌వే మొదటికంటా తోశారు. రెక్కల్లో ముళ్లున్నాయి గాని చక్రాలు బాగానే ఉన్నాయి. ఈసారి మూడొందల యాభై మీటర్ల దగ్గర కడ్డీ తేలికపడింది. అంచు దాటేసరికి చక్రాల కింద ఒక మనిషి ఎత్తు ఖాళీ ఉంది. నేను ఎన్నో ఏళ్లుగా గుడికి వెళ్లలేదు, ఆ క్షణంలో ప్రార్థనలన్నీ గుర్తొచ్చాయి.

పద్ధతి ప్రకారం ఊరి మీదుగా ఒక చుట్టు తిరిగాను. షెడ్డులో కాటా కొక్కేనికి వల జోలె వేలాడుతోంది. జోలెలో ప్లుతార్కో ఉన్నాడు, కాళ్లు బయటికి పెట్టి కొట్టుకుంటున్నాడు. జాలరులు నీడలో కూర్చుని మధ్యాహ్న భోజనం చేస్తున్నారు.

"ఎంత చూపిస్తోందంటావు?" అంది కసిమిరా కిందికి తొంగిచూస్తూ. సముద్రం దాటేదాకా అదొక్కటే మాట్లాడింది. మిగతా దారంతా పిండి ప్యాకెట్టును ఒళ్లో పెట్టుకుని జపమాల తిప్పుతూ కూర్చుంది. బూట్లు లేని నా కాళ్లు చలికి కొంకర్లు పోయాయి.

సాయంత్రం ఆరింటికి ఆస్పత్రి వరండాలో నేనూ అల్లుడూ నిలబడి ఉన్నాం. కోడి నా కారులో ఉంది. లోపల్నుంచి ఏడుపు వినిపించింది, బాగా గట్టి ఏడుపు. నర్సు బయటికి వచ్చి, "ఆడపిల్ల. మూడు కిలోల రెండువందలు," అంది. అల్లుడు నా మెడ పట్టుకుని వేలాడాడు.

నర్సు వెనకే కసిమిరా వచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"ఏ కాటా మీద తూచావమ్మా?"

"మా కాటాయే. లోపలుంది."

"చూపించు."

"కాటా గదిలోకి రాకూడదండీ, లోపల..." అని నర్సు అంటూనే ఉంది, కసిమిరా ఆమెను దాటుకుని పోయింది. వెనకే నేను. గదిలో మూల బల్ల మీద తెల్లటి చిన్న కాటా ఉంది. కసిమిరా శాలువా మాటునుంచి పిండి ప్యాకెట్టు తీసి, పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా దాని మీద పెట్టింది.

ముల్లు ఒకటి దగ్గర ఆగింది. ఒక గీత ఇటు లేదు, అటు లేదు.

ఆమె చాలాసేపు ఆ ముల్లు వైపే చూసింది. తరవాత నేలమీద కూలబడి, శాలువా నోట్లో కుక్కుకుని, వెక్కివెక్కి ఏడ్చింది.

నర్సు కంగారుగా నా వైపు తిరిగింది. "ఏమైందండీ ఈవిడకి?"

"మూడు కిలోల రెండువందలు," అన్నాను.