పిల్లికూతలాయన గోనెపట్టా

నడుముకి గోనెపట్టా కట్టుకుంటూ ఆయన గడపలోనే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఛాతీలో పిల్లికూతలు. పని దగ్గర అందరూ పిల్లికూతలాయన అనే పిలుస్తారు. ఆయనకీ అదే అలవాటైపోయింది.

"బయల్దేరావా ఆవిడ దగ్గరికి?" పొయ్యి ముందు కూర్చునే అంది భార్య. "నాతో చేసినదానికంటే ఆ వయ్యారిభామతో చేసిన కాపురమే ఎక్కువ."

"అదేమన్నా రమ్మంటే వెళ్తున్నానా? ఎంత పొమ్మన్నా పోదే."

వయ్యారిభామంటే పేరుకే భామ, నిజానికి పిచ్చిమొక్క. పశువు మూతి పెట్టదు. ముట్టుకుంటే దురద, పీలిస్తే ఆయాసం. పీకడం మానకపోతే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆయన ఆ మాట పెడచెవిన పెట్టాడు. దానికి కారణం దిబ్బ నెత్తినున్న గడ్డి మడి.

ఆ దిబ్బ గని తవ్వి పోసిన మట్టి. వయసులో ఉండగా తవ్విన చేతుల్లో ఈయనవీ ఉన్నాయి. గని మూతపడ్డాక, ఒకప్పుడు ఆ నేల మీద పెరిగిన పొడుగు గడ్డినే వెతికి తెచ్చి దిబ్బంతా విత్తనం చల్లారు. ఆ గడ్డి వేళ్ళు లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. గడ్డి లేచింది, మిడతలొచ్చాయి, మిడతల కోసం పిట్టలొచ్చాయి. అంతా బాగుందనుకుంటుండగా భామగారూ వేంచేశారు. గడ్డిని మింగి తను ఎదిగింది. ఎండలకు తనూ మాడిపోయి నేలను బోసిగా వదిలేస్తే, తొలివానకి మట్టి కోసుకుపోయి గండ్లు పడ్డాయి. పిట్టలు వచ్చిన దారినే పోయాయి. ఇప్పుడు మిగిలింది నెత్తిన ఇల్లంత మడి. మళ్ళీ చల్లాలంటే విత్తనానికి అదొక్కటే దిక్కు. అది పోతే ఇక దిబ్బ లేచేది లేదని ఆయనకు తెలుసు.

పొద్దున్నంతా వాలులో పీకాడు. పీకినవన్నీ పట్టాలో వేసుకుని గుంటలో పోశాడు. ఎండ నడినెత్తికి వచ్చాక, ఎప్పటిలాగే పైకెక్కి మడి మధ్యలో తన రాయి మీద కూర్చుని, తిండిలో ఆ దుమ్ము పడకూడదని పట్టా విప్పి దులపబోయాడు.

చెయ్యి ఆగిపోయింది.

వాన పడి వారమైంది. రాయి చుట్టూ భామ మొలకలు చాపలా పరుచుకున్నాయి. ఆయన నడిచొచ్చే బాట పొడుగునా అవే. మడిలో మిగతా చోట చూద్దామంటే ఒక్కటీ లేదు. పట్టాను తిరగేసి చూశాడు. పీచుల సందుల్లో ఆవగింజకన్నా సన్నటి నల్ల గింజలు ఇరుక్కుని ఉన్నాయి. ఇన్నేళ్ళూ కింద పీకింది పైకి తెచ్చి, రోజూ చేజేతులా చల్లాడు. ఆయనకు ఏడుపొచ్చింది.

అటుగా వచ్చిన మేస్త్రీ పలకరించాడు. "తిన్నావా మావా?"

"కంచే చేను మేసింది మేస్త్రీ. ఇదిగో, ఈ మొలకలన్నీ నేను తెచ్చినవే."

"ఊరుకో మావా. గాలికి ఎగిరొచ్చుంటాయి."

"గాలికి నా రాయంటే అంత మోజా?"

మేస్త్రీ నవ్వుకుంటూ దిగిపోయాడు. ఆయన తిండి ముట్టలేదు. మోకాళ్ళ మీద పాకుతూ మొలకలు పీకాడు. పీకినకొద్దీ ఉన్నాయి. ఛాతీ బిగదీసుకుపోయింది. ఇక చాలించి, పట్టాను దుమ్ము లోపలికి వచ్చేలా మడిచి, మళ్ళీ మడిచి, తాడుతో ముడి మీద ముడి వేశాడు. సాయంత్రం ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో పెట్టాలి. రేపట్నుంచి ఈ మడిలో అడుగు పెట్టకూడదు. అలా అనుకుని రాయికి జారబడ్డాడు. గడ్డి కదులుతోంది. కాసేపటికి పిల్లికూతలు ఆగిపోయాయి.

పొద్దు వాలుతుంటే మేస్త్రీ కేకేశాడు. పలుకు లేదు. ఎక్కి వచ్చి చూసి, పక్కన కూలబడి, "అయ్యో మావా" అన్నాడు. ముఖం మీద ఎండ పడుతోంది, ఈగలు ముసురుతున్నాయి. కప్పడానికి ఏమీ కనబడలేదు, ఆయన చేతికింద పట్టా తప్ప. పాపం ఎంత జాగ్రత్తగా కట్టుకున్నాడో అనుకుంటూ ఒక్కొక్క ముడీ ఓపిగ్గా విప్పాడు. పోయినవాడి ముఖం మీద దుమ్ము పడితే పాపమని గాలివాటున నిలబడి, మడి మీదికి గట్టిగా దులిపాడు. చాలలేదనిపించి మరోసారి దులిపాడు. అప్పుడు కప్పాడు.

కింద నుంచి దుప్పటి తెచ్చి, మనుషులు ఆయన్ని దాన్లో మోసుకుపోయారు. గోనెపట్టా రాయి మీద ఉండిపోయింది, శుభ్రంగా, ఒక్క గింజ కూడా లేకుండా.