సుడిబిళ్ళ మీద ఎర్రచుక్క

నేను ఒక గాజుబిళ్ళను. రూపాయి బిళ్ళంత ఉంటాను. చూపుకు సాదా గాజునే గానీ, నన్ను చెక్కిన కార్ఖానావాళ్ళు నా వీపు మీద కంటికి ఆనని మెట్లను గుండ్రంగా తిప్పి పెట్టారు. నా దగ్గర దొరికే సరుకు ఒక్కటే: సుడి. తిన్నగా వచ్చిన లేజర్ వెలుగు నన్ను దాటేసరికి మరమేకులా మెలితిరుగుతుంది. గోడ మీద పడితే అచ్చం గారె, నడుమ చీకటి చిల్లుతో సహా.

ఆ ఒక్క సరుకుతోనే హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి నా కొట్టు నడిచింది. పరిశోధకురాలు ఝాన్సీ నా వెలుగుతో, నీళ్ళలా కనబడని జీవకణాలను ఫొటో తీసేది. వాటి మీద ఏది గుట్టో ఏది గుంటో కంప్యూటర్ లెక్కగట్టేది. సుడి ఎటు తిరిగిందో తెలిస్తేనే ఆ లెక్క నిలిచేది.

అప్పుడు నా ఎదురుగానే ఇంకో కొట్టు తెరిచారు. అదొక తెర. తన మీద పడిన లేజర్ వెలుగును కంప్యూటర్ ఎలా చెబితే అలా మెలితిప్పి పంపుతుంది: కుడి సుడి, ఎడమ సుడి, రెండు మెలికలు, పది మెలికలు, ఏదడిగితే అదిస్తుంది. ఏ వ్యాపారికి కడుపు మండదు చెప్పండి?

"ఇంకా ఈ ఒంటి బిళ్ళతోనేనా అక్కా?" అనేవాడు తెరకు ప్రోగ్రాములు రాసే మస్తాన్.

"కరెంటు పోయినప్పుడు మాట్లాడదాంలే, మస్తానూ" అనేది ఝాన్సీ.

బల్ల మీద చోటు ఒకరికే. ఎవరికో శుక్రవారం తేలుస్తానన్నారు వాళ్ళ గైడు బెంజిమన్ సార్. పరీక్షకు గాజుపలక మీద ఎండిన జిగురుచుక్క పెట్టారు. అది గుట్టేనని వేలితో తడిమినా తెలుస్తుంది.

ముందు రోజు ఝాన్సీ నన్ను తుడిచి, పొరపాటున వెనక వైపు ముందుకొచ్చేలా బిగించింది. గారె ఎప్పటిలాగే పడింది కాబట్టి అనుమానం రాలేదు. సుడి మాత్రం ఎదురు తిరిగింది. శుక్రవారం జిగురుచుక్క గుంటగా వచ్చింది.

"నీ బిళ్ళ గుట్టను తవ్వేసిందక్కా!" మస్తాన్ పడీపడీ నవ్వాడు. ఝాన్సీ గబగబా నన్ను తిప్పి పెట్టింది, గుంట గుట్టయింది. కానీ సార్ తల అడ్డంగా ఊపారు. "తిరగేసినా పసిగట్టలేకపోయాం. దీన్నెలా నమ్మమంటావమ్మా?"

ఝాన్సీ నా అంచున, వెలుగు వచ్చే వైపు, ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టి డబ్బాలో దాచింది. మూత సందులోంచి తెర తళతళలు చూస్తూ కుళ్ళిపోయాను.

కొన్నాళ్ళకు తెర చూపించే జిగురుచుక్క కూడా గుంటయింది. మస్తాన్ ప్రోగ్రామంతా గాలించినా తప్పు దొరకలేదు. ఝాన్సీ నన్ను తీసి, ఎర్రచుక్క సరిచూసుకుని, తెర వెలుగుకు అడ్డంగా నిలబెట్టింది. రెండు సుళ్ళూ ఒకే వైపు తిరిగితే గారె పెద్దదవ్వాలి. అవలేదు సరికదా, చిల్లు పూడిపోయి ఉత్త వెలుగుచుక్క మిగిలింది.

"నీ తెర ఎదురు తిరుగుతోంది రా!"

మస్తాన్ నాలుక కరుచుకున్నాడు. "అద్దం అక్కా... నిన్న వెలుగు దారిలో కొత్త అద్దం పెట్టాను. దాంట్లో పడి సుడి తిరగబడింది." ఆ అద్దాన్ని విప్పుతూ అన్నాడు. "బిళ్ళను డబ్బాలో పెట్టకు. ఇక్కడే ఉండనీ."

ఇప్పుడు బల్ల చివర నాకూ ఓ మూల ఉంది. రోజూ పొద్దున్నే తెర వెలుగును ఒక్కసారి నాలోంచి పంపుతారు. గారె పెద్దదైతే నన్ను పక్కకు జరుపుతారు. అక్కడితో నా బేరం ముగిసి, దాని బేరం మొదలవుతుంది. అందుకే పొద్దున్నే నేను కోరుకునేది ఒక్కటే: ఆ చిల్లు పూడాలి.