నలభై రెండో లీకు

పరీక్ష కోడలిది, జ్వరం మాత్రం మామగారికి వచ్చింది.

కోడలు ఎనర్జీ ఆడిటర్. ఏ కంపెనీలో కరెంటు ఎక్కడ దండగవుతోందో మీటర్లు పెట్టి కనిపెట్టడం ఆమె పని. చేరి ఆరు నెలలైంది. ఒంటరిగా చేసే మొదటి ఆడిట్‌లో ఏదో ఒక పెద్ద దండగ పట్టుకుంటేనే ఉద్యోగం ఖాయం చేస్తామని పైఅధికారి ముందే చెప్పాడు. తీరా ఆ మొదటి ఆడిట్ ఎక్కడ పడిందయ్యా అంటే, మామగారు ఇరవై ఎనిమిదేళ్లుగా కంప్రెసర్ గది చూసుకుంటున్న ప్లాస్టిక్ సీసాల ఫ్యాక్టరీలో. ఆ సంగతి ఆమె దాచలేదు. "చుట్టరికం ఇంట్లో పెట్టి వెళ్లు. మీటరు చెప్పిందే రాయి," అన్నాడు పైఅధికారి. అంచేత గేటు లోపల ఆయన "ఫోర్‌మన్ గారు", ఆమె "మేడమ్". మేడమ్ అన్నప్పుడల్లా మీసాల కింద నవ్వు దాచుకోవడానికి ఆయన పడే అవస్థ చూసి తీరాలి.

గురువారం ఆమె వచ్చి కంప్రెసర్ కేబుళ్లకి చిన్న మీటర్లు తగిలించి వెళ్లింది. బట్టల క్లిప్పుల్లా పట్టుకుంటాయవి. క్షణక్షణం లెక్క తీసి ఆమె లాప్‌టాప్‌కి పంపిస్తాయి. సోమవారం అసలు తనిఖీ. చేతిలో తుపాకీలాంటి లీకు డిటెక్టరు, చెవులకి హెడ్‌ఫోన్లు. గొట్టాల్లోంచి గాలి కారే చోట పుట్టే చెవికందని చప్పుడుని కూడా అది పట్టి వినిపిస్తుంది. గాలి కారితే కంప్రెసర్ ఊరికే తిరుగుతుంది, కరెంటు ఊరికే పోతుంది. ఇంత పాత ఫ్యాక్టరీలో చెయ్యి పెట్టిన చోటల్లా లీకు దొరకాలి.

ఒక్కటీ దొరకలేదు. పన్నెండు మిషన్లూ తిరిగింది. గొట్టాలకి కొత్త క్లిప్పులు, జాయింట్లకి కొత్త తెల్ల టేపు. చుట్టాలొస్తున్నారని కడిగి తుడిచిన ఇల్లులా ఉంది ఫ్యాక్టరీ. ఫోర్‌మన్ గారు చేతులు వెనక్కి కట్టుకుని వెంట నడుస్తూ, ప్రతి మిషన్ దగ్గరా ఆమె మొహం వంక ఆశగా చూస్తున్నారు.

భోజనాల వేళకి మిషన్లన్నీ ఆగాయి. కంప్రెసర్ గదిలో ఇద్దరే మిగిలారు. మేడమ్, గారు అనే ఒప్పందం అక్కడితో సరి.

"ఏం చేశారు మావయ్యా?"

"నిన్న ఆదివారం కదమ్మా, ఎవరూ ఉండరు. కంప్రెసర్ ఆన్ చేసి, సబ్బునురగ రాసుకుంటూ పోయా. బుడగ లేచిన చోటల్లా బిగించేశా. నీ మొదటి ఆడిట్‌లో ఒక్క తప్పు కూడా బయటపడకూడదని."

"నాకు తప్పులు దొరికితేనే ఉద్యోగం మావయ్యా!"

ఇంత ప్రేమించేవాళ్లుండగా శత్రువులెందుకండీ. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే బడి గోడలకి సున్నం కొట్టిన కాలం మనిషి ఆయన. తనిఖీ అంటే తప్పు కనపడకూడదన్నదే ఆయనకి తెలుసు. ఒక నిమిషం ఆలోచించి స్పానర్ అందుకున్నారు.

"పోనీ, అన్నీ మళ్లీ వదులు చేసేస్తా. నువ్వలా టీ తాగి రా."

ఆమెకి నవ్వాగలేదు. ఒకసారి నవ్వాక ఇక కోప్పడటం ఎవరి తరం? స్పానర్ లాక్కుని, లాప్‌టాప్‌లో ఆదివారం తాలూకు కరెంటు గీత తెరిచింది. మిషన్లు ఆగిన రోజు కంప్రెసర్ ఒక్కటే తిరిగిందంటే, అది తిన్న కరెంటంతా లీకుల పాలే. పొద్దున ఎనిమిదికి ఎత్తున మొదలైన గీత మెట్టు తర్వాత మెట్టు దిగుతూ వచ్చింది.

"తొమ్మిదీ ఇరవైకి ఏం చేశారు?"

"మూడో మిషన్ వెనక గొట్టం. కిందికి దూరాల్సొచ్చింది."

"పదకొండింటికి పెద్ద మెట్టుంది."

"పైన మెయిన్ లైను. నిచ్చెనెక్కా."

"మోకాళ్ల నొప్పులతో నిచ్చెనెక్కారా?"

"అవి ఇంట్లోనేనమ్మా."

ఒంటిగంట దగ్గర గీత కదల్లేదు. "భోజనం," అన్నారాయన, తప్పు చేసినట్టు. మూడింటికి కాస్త పైకి లేచింది. "తొందరలో ఒక జాయింటు ఊడొచ్చింది. అది మాత్రం రాయకు."

మొత్తం నలభై ఒక్క మెట్లు. అరవైకి దగ్గరపడ్డ మనిషి తన కోసం నలభై ఒక్కసార్లు వంగి లేచాడు. ఈయన్ని ఏం పెట్టి తిట్టను అనుకుంది.

పైఅధికారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను అంతా విని, "బాగుంది. కానీ ఆ నలభై ఒకటీ మీ ఫోర్‌మన్ పట్టుకున్నవి. నువ్వు పట్టుకుంది ఏదమ్మా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. ఆమె మళ్లీ గీత చూసింది. సాయంత్రం ఐదుకి కూడా అది అడుగుకి దిగలేదు. అంటే ఇంకోటి మిగిలే ఉంది, అదీ పెద్దది. ఇప్పటిదాకా చూడనిది ఈ గదొక్కటే. ట్యాంకులో గాలి నిండి ఉండగానే కంప్రెసర్ ఆపించి డిటెక్టరు తిప్పింది. మామగారి కుర్చీ దగ్గరికి రాగానే హెడ్‌ఫోన్లు గీపెట్టాయి. తీసేసింది. వాటి అవసరమే లేదు. కుర్చీ వెనక జాయింటులోంచి గాలి బుస్సుమంటూ మామూలు చెవికే వినిపిస్తోంది.

"మావయ్యా, ఇక్కడ సబ్బు రాయలేదా?"

"నా గదేగా. ఇక్కడుంటే నాకు వినపడదూ?" అన్నారాయన నమ్మకంగా.

ఆమె వేలితో గొట్టం చూపించింది. ఆయన ఆమె మొహం చూశారు, గొట్టం చూశారు, వెళ్లి చెయ్యి అడ్డం పెట్టారు. గాలి తగిలింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

"ఎన్నాళ్లయింది?"

"మాటలు వినపడతాయమ్మా. బొంగురు గొంతులైతే బాగానే తెలుస్తాయి. సన్నటివే... నాలుగైదేళ్లుగా."

ఈ లీకు రాస్తే ఆమె ఉద్యోగం ఖాయం. కానీ ఎక్కడుందో కూడా రాయాలి. ఫోర్‌మన్ కుర్చీకి మూరెడు దూరంలో అని చదివాక, ఆయనకెందుకు వినపడలేదని మేనేజరు అడక్క మానడు. చప్పుడుని బట్టి మిషన్ ఆరోగ్యం చెప్పాల్సిన గదిలో వినపడని మనిషిని ఉంచరు. ఆమె లాప్‌టాప్ మూసేసింది.

ఆయన దాన్ని మళ్లీ తెరిచారు.

"రాయి."

"మీ గది పోతుంది మావయ్యా."

"పోతే స్టోర్సులో కూచుంటా. నీ పేరు మీద మొదటి రాత అబద్ధంతో మొదలవకూడదు."

రాసింది. ఈ చప్పుడులో పనిచేసే అందరికీ చెవి పరీక్షలు చేయించాలని కూడా రాసి, ఫొటోతో సహా పంపించింది. పది నిమిషాల్లో పైఅధికారి మెసేజ్: ఇది నీదే, రేపు వచ్చి ఆర్డరు తీసుకో.

ఆయన బిగించడానికి స్పానర్ పట్టుకోగానే, "ఒక్క నిమిషం," అని హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి పెట్టి, డిటెక్టరు గొట్టం వైపు తిప్పింది. ఆయన ఉలిక్కిపడ్డారు. తర్వాత కళ్లు మూసుకున్నారు.

"వినపడుతోంది," అన్నారు, అక్కర్లేనంత గట్టిగా.

కళ్లు మూసుకునే బిగించారు. చప్పుడు సన్నబడి ఆగిపోయింది. అయినా హెడ్‌ఫోన్లు తియ్యలేదు.

"దీన్ని ఓ పూట ఇంటికి తెస్తావా అమ్మా?"

"ఎందుకు మావయ్యా?"

"మన పాప రోజూ నా ఒళ్లో కూచుని ఏవేవో చెప్తుంది. అన్నిటికీ ఊఁ కొడుతున్నా. అసలేం చెప్తోందో ఒక్కసారి విందామని."