పెట్టె మారిన కంప్యూటరు

ఉప్పాడ తీరంలో ఇనుము నాలుగేళ్లకు మించి నిలవదు. బుల్లియ్య ఇంట్లో కిటికీ చువ్వలు, సైకిలు రిమ్ములు, తలుపు గడియ అన్నీ ఉప్పుగాలికి తుప్పుపట్టి పెచ్చులు రాలుతుంటాయి. కూతురు బేబీ కంప్యూటరు కేబినెట్‌కూ అదే గతి పట్టింది. అడుగున రేకు చిల్లులు పడి, మూత తీసినప్పుడల్లా ఎర్రటి పొడి బోర్డు మీద రాలుతోంది.

ఆ కంప్యూటరు బేబీ తన చేతుల్తో బిగించుకున్నది. ఇంటర్ అయ్యాక కాకినాడలో హార్డ్‌వేర్ కోర్సు చేసి, అక్కడే జీవరాజు గారి షాపులో రెండేళ్లు పనిచేసింది. ఒక నెల మదర్‌బోర్డు, ఇంకో నెల ర్యామ్, మరో నెల హార్డ్ డిస్క్... అలా ముక్కముక్కగా తెచ్చుకుని ఇంట్లో నిలబెట్టింది. ఊళ్లో చేపలమ్మే ఆడవాళ్లు సంఘం పెట్టుకుని గుర్తింపు కార్డులకు జాబితా ఇవ్వాల్సి వచ్చినప్పుడు, సంఘం పెద్ద పాపాయి టౌనులో చేయిద్దామంది. బేబీ ఒప్పుకోలేదు.

"టౌనులో వాళ్లకి మన పేర్లు రాయడం రాదు పిన్నీ. నేను చేస్తాను. అందరూ వచ్చి ఎవరి వివరాలు వాళ్లు చూసుకున్నాకే ప్రింటు తీస్తా."

నూట ముప్పై ఏడు మంది. పేరు, వయసు, ఫొటో. పడవల రిజిస్టర్లలో అన్నీ మగవాళ్ల పేర్లే. ఫలానా వాడి భార్య అని కాకుండా తమ పేరుతోనే ఆ ఆడవాళ్లు ఎక్కుతున్న మొదటి కాగితం అది. ఆదివారం సాయంత్రం అందరూ వచ్చి చూసుకోవాలి, సోమవారం కాకినాడ ఆఫీసులో ఇవ్వాలి.

పని దాదాపు అయిపోయింది కదా అని గురువారం మధ్యాహ్నం బేబీ కేబినెట్ మార్చింది. కాకినాడ నుంచి తెచ్చిన పాత కేబినెట్ అది, ఎవరో వాడి వదిలేసినదే అయినా తుప్పు లేదు. బోర్డు ఎక్కించి ఆరు మరలూ బిగించింది. చివరి మర దగ్గర స్క్రూడ్రైవర్ జారి బోర్డు మీద సన్నటి గీత పడింది. వైర్లన్నీ పెట్టి స్విచ్ నొక్కింది.

ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి ఆగిపోయింది. మళ్లీ నొక్కినా అంతే.

బేబీ కంగారు పడలేదు. ఇలాంటివి షాపులో ఎన్నో చూసింది. ర్యామ్ తీసి, దాని పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టింది. కరెంటు ఇచ్చే డబ్బాను విడిగా పరీక్షిస్తే దాని ఫ్యాను చక్కగా తిరిగింది. హార్డ్ డిస్క్ తీసేసి, సీడీ డ్రైవ్ తీసేసి ఒక్కొక్కటీ లేకుండా చూసింది. శుక్రవారమంతా అదే పని. సాయంత్రానికి ఆమె చూపు పదేపదే ఆ గీత మీదికే పోతోంది.

వీధిలో పాపాయి ఎదురై, "అంతా సిద్ధమేనా బేబీ?" అంది.

"సిద్ధమే పిన్నీ," అంది బేబీ. అని, ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

శనివారం టెలిఫోన్ బూత్‌కు వెళ్లి జీవరాజుకు ఫోన్ చేసింది. ఆయన అంతా విని, "గీత పడిందా? ఇంకేముందమ్మా, బోర్డు పోయింది. హార్డ్ డిస్క్ పట్టుకుని సోమవారం పొద్దున్నే వచ్చెయ్, ఇక్కడ ప్రింటు తీసేద్దాం," అన్నాడు.

జాబితా పోదు, ఆ ధైర్యం ఉంది. కానీ ఎవరూ చూసుకోకుండా ప్రింటు తీయడమంటే పాపాయి చెప్పిన టౌను పనికీ దీనికీ తేడా ఏముంది? పైగా బోర్డును చంపింది తన చెయ్యే. షాపులో మగపిల్లలు "ఆడపిల్లకెందుకు స్క్రూడ్రైవరు" అని నవ్విన నవ్వు చెవిలో తిరిగింది.

ఆదివారం పొద్దున బుల్లియ్య వల బాగుచేసుకుంటూ కూతుర్ని చూశాడు. విప్పిన కేబినెట్ ముందు ఊరికే కూర్చుని ఉంది.

"ఏంటమ్మా, ఇంకా లేవలేదా అది?"

"బోర్డు పోయిందంట నాన్నా. నేనే పాడుచేశాను."

"పోయిందని ఎవరు చూశారు?"

"జీవరాజు గారు ఫోన్లో చెప్పారు."

"ఫోన్లో ఎలా కనపడిందో ఆయనకి!" బుల్లియ్య వల పక్కన పెట్టాడు. "నాకు నీ బోర్డు సంగతి తెలీదు. పడవ ఇంజను స్టార్టు కాకపోతే మేం ఏం చేస్తాం? పడవలోనే ఉంచి బాదుకోం కదా. ఒడ్డుకు దింపి, దుంగ మీద పెట్టి ఆడిస్తాం. ఒడ్డున ఆడి పడవలో ఆడకపోతే, తప్పు ఇంజనుది కాదు, పడవది."

బేబీ తండ్రి వంక చూసింది. మూడు రోజులుగా బోర్డుకు తగిలించినవన్నీ తీసి చూసింది గానీ, బోర్డును పెట్టెలోంచి తీయలేదు.

తల్లి రత్తమ్మ కూర్చునే కర్రపీటను బేబీ తెచ్చి, దానిమీద పేపరు పరిచి బోర్డును పెట్టింది. స్విచ్ వైర్లు లేవు కాబట్టి, అవి తగిలించే రెండు సూదుల్లాంటి పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొసతో కలిపింది. ఫ్యాను గిర్రున తిరిగింది. ఆగలేదు. మానిటర్ మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"అదిగో, బతికే ఉంది," అన్నాడు బుల్లియ్య.

మళ్లీ కేబినెట్‌లో బిగిస్తే మళ్లీ ఉలిక్కిపడి ఆగింది. ఈసారి బేబీకి భయం వేయలేదు. తప్పు పడవది. బోర్డు ఎత్తి పక్కన పెట్టి, ఖాళీ రేకును టార్చి వేసి చూసింది. బోర్డు రేకుకు తగలకుండా ఎత్తుగా నిలిపే చిన్న ఇత్తడి కాళ్లు ఉంటాయి. బోర్డుకు మరలు పట్టే రంధ్రాలు ఆరు. రేకు మీద కాళ్లు ఏడు. ఏడోది మధ్యలో ఉంది, పాత యజమాని బోర్డు కోసం బిగించినది. బోర్డు పైన పెట్టగానే అది కనపడదు, కింద నుంచి బోర్డు అతుకులకు తగిలి కరెంటును కలవకూడని చోట కలిపేస్తోంది. గీతకూ దీనికీ సంబంధమే లేదు.

పటకారుతో దాన్ని విప్పేసింది. బోర్డు బిగించి స్విచ్ నొక్కితే కంప్యూటరు లేచింది.

బేబీ వెంటనే పాపాయి ఇంటికి వెళ్లింది.

"పిన్నీ, శుక్రవారం సిద్ధమే అని అబద్ధం చెప్పాను. కంప్యూటరు ఆగిపోయింది. ఇప్పుడే బాగైంది."

పాపాయి ఎండు చేపలు తిరగేస్తూనే విని, "అప్పుడే చెబితే నేనేం చేసేదాన్ని? నిద్రపోయేదాన్ని కాదు. అంతే," అంది. తర్వాత గట్టిగా, "ఇంకోసారి మాత్రం చెప్పు. నా నిద్ర పోతే పోయింది," అంది.

సాయంత్రం వాకిట్లో చాపలు వేశారు. ఆడవాళ్లు పదేసి మంది చొప్పున లోపలికి వచ్చి తెర మీద తమ మొహాలు చూసుకున్నారు. చదవడం వచ్చిన చిట్టెమ్మ ఒక్కొక్క పేరూ పైకి చదివింది. పదకొండు తప్పులు దొరికాయి. ఇద్దరి ఫొటోలు తారుమారయ్యాయి. ఒకామె పేరు ఉండాల్సిన చోట భర్త పేరు పడింది. రత్తమ్మ వయసు యాభై ఒకటని ఉంది.

"నాకు నలభై ఎనిమిదే," అంది రత్తమ్మ.

"నాన్నే చెప్పాడమ్మా యాభై ఒకటని."

"ఆయనకేం తెలుసు? వాళ్లమ్మ చెప్పిన లెక్క అది. నేను పుట్టింది గాలివాన వచ్చిన ఏడు. మా అమ్మనడుగు."

బేబీ నలభై ఎనిమిది అని మార్చి, తల్లి తలూపేదాకా ఆగి, తర్వాతి పేరుకు వెళ్లింది.