బల్ల రొట్టె

శనివారం మధ్యాహ్నం దానమ్మ చింతపండుతో గోళ్ళు తోముకుంటోంది. వారమంతా కాలవలో ఊరిన కొబ్బరి డొక్కలు దంచి పీచు తీసిన చేతులు. ఆ నలుపు ఓ పట్టాన వదలదు. అరచేతులు చిప్పల్లా గట్టిపడ్డాయి. చూపుడువేలు వంకరపోయింది. తోమి, వాసన చూసుకుని, మళ్ళీ తోమి, అప్పుడు పిండి ముట్టుకుంది.

రేపు నెల మొదటి ఆదివారం. అల్లవరం దగ్గరి బాప్టిస్టు సంఘంలో, ఆరాధనలో అందరూ పంచుకునే ప్రభువు బల్లకు రొట్టె చేసేది ఆమే. పులియని గోధుమ రొట్టె. దానికి విడిగా ఒక ఇనప పెనం. దాని మీద ఇంట్లోకి ఒక్క అట్టు కూడా పోయలేదు. కాల్చగానే బూడిదతో తోమి గోడకు ఆనించేస్తుంది.

ఆ రొట్టె ఆమె నోట పడి చాలా ఏళ్ళయింది. రొట్టె మాకూ, పొగ నీకూనా వొదినా అని పీచు దంచే చోట తోటి ఆడవాళ్ళు నవ్వుతుంటారు. ఆమె కూడా నవ్వేస్తుంది.

పెద్ద తుఫాను వచ్చిన ఏడు కూతురు మేరీ, బస్సు కండక్టరు రామ్మూర్తిని చేసుకుంటానంది. హిందువుల అబ్బాయి. దానమ్మ ఒప్పుకోలేదు. ఏడ్చింది, పస్తుండి ప్రార్థన చేసింది. భర్త సాలమోను చుట్టాలింటికని చెప్పి పిల్లని రాజోలు తీసుకెళ్ళాడు. అక్కడ గుడిలో దగ్గరుండి తాళి కట్టించి, భోజనం కూడా చేసి వచ్చాడు. ఉద్యోగం ఉన్న కుర్రాడు, ఏం తక్కువ అన్నాడు.

సాలమోను సంఘపెద్ద. రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది అతనే. గుడిలో పెళ్ళేమిటని సంఘం కూర్చోబెట్టి అడిగినప్పుడు తెల్లచొక్కా సవరించుకుంటూ లేచాడు.

"నాకు తెలీదండీ. అంతా వాళ్ళమ్మే చేసేసింది."

దానమ్మ ఆడవాళ్ళ చాప మీంచి అతని వీపు చూస్తూ ఉండిపోయింది. పదిమందిలో మొగుణ్ణి అబద్ధాలకోరని ఎలా అంటుంది? దానమ్మని బల్లకు దూరం పెట్టేశారు. లేచి తప్పు ఒప్పుకుంటే చేర్చుకుంటామని పాస్టరుగారు ఏటేటా చెబుతూనే ఉన్నారు. చేయని తప్పు చేశానని దేవుడి ఎదుట ఎలా చెప్పను అనుకునేది. రొట్టె చేయడం మానమని మాత్రం ఎవరూ అనలేదు. నెలనెలా సాలమోను పళ్ళెంతో ఆమె చాప దాకా వచ్చి, గుమ్మం వైపు చూస్తూ దాటిపోయేవాడు.

పిండి పిసుకుతుంటే ఎడమ భుజం కింద మళ్ళీ ఆ నొప్పి. కాసేపు ఆగింది. సాలమోను రేపటి చొక్కా మడత పెట్టుకుంటున్నాడు.

"ఏవండీ, రేపు చెప్పండి. నేను పోయాక చెప్తే నాకు వినపడదు."

"ఇప్పుడెందుకే అవన్నీ? అందరూ మర్చిపోయేరు."

"నేను మర్చిపోలేదండీ."

సర్లే, చూద్దాం అన్నాడు.

రొట్టె కాల్చింది. తెల్లగుడ్డలో చుట్టి పళ్ళెంలో పెట్టింది. పెనం తోమడానికి బూడిద తీయబోయి, కాస్త నడుం వాలుస్తానని చాప మీద ఒరిగింది. సాలమోను దీపం వెలిగించి లేపితే లేవలేదు.

పొద్దున్నే పాస్టరుగారు వచ్చారు. బల్లకు దూరమైన వాళ్ళు పోతే గుడిగంట కొట్టరు, సంఘం సమాధుల తోటలో చోటివ్వరు. ఆఖర్న ఏమైనా ఒప్పుకుందా అని మెల్లగా అడిగారు.

సాలమోను కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆయ్. ఒప్పుకుందండీ. నిన్న సాయంత్రం, నా దగ్గరే."

పాస్టరుగారు స్తోత్రం అన్నారు. గంట కొట్టమని కబురు పంపారు. తొలి బస్సుకి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్న మేరీ తలెత్తింది. చెమటకి బొట్టు చెదిరి ఉంది.

"అమ్మ ఏం ఒప్పుకుంది నాన్నా?"

సాలమోను గుమ్మం వైపు చూశాడు. ఆరాధనకు వేళవుతోందని రొట్టె పళ్ళెం అందుకుని బయటికి నడిచాడు.

పొయ్యి పక్కన పెనం తోమకుండానే ఉంది. దాని నడిమధ్యన, గుండ్రంగా, తెల్లటి పిండి మరక.